ఆ ఉత్తరం ఏ సొరుగులో ఉంది?

(బడులు తెరవడానికి వారం ముందు తల్లిదండ్రులు, బస్సు డ్రైవర్లు, ఆయమ్మలు కలిసి కూర్చున్న సభలో ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

మైకు వినపడుతోందా? వెనకాల ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకి? సరే.

మాస్టారు నన్ను నిపుణుడనీ అదనీ ఇదనీ చెప్పారు, అంత లేదండీ. ముప్పై ఒక్క ఏళ్లు డిపోలో బస్సుల కింద పడుకున్న మనిషిని నేను. నిలబడి మాట్లాడటం కంటే పడుకుని మాట్లాడమంటే ఇంకా బాగా మాట్లాడతాను. (నవ్వులు)

నేను ఇక్కడికి రావడానికి కారణం మా మనవరాలు. మూడో క్లాసు. పోయిన ఏడాది దసరా సెలవులు అయిపోయి బడికి వెళ్లిన మొదటి రోజు సాయంత్రం వచ్చి, బ్యాగు కూడా దించకుండా, "తాతయ్యా, మా బస్సు పాములా బుస కొడుతుంది" అంది. నేను నవ్వి, బ్రేకు వదిలినప్పుడు గాలి పోతుందమ్మా, అన్ని పెద్ద బస్సులూ అలాగే అంటాయి అన్నాను. అప్పుడు అది ఒక మాట అంది. "బ్రేకు వదిలినప్పుడే కాదు తాతయ్యా, ఊరికే ఆగి ఉన్నప్పుడు కూడా."

అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఎయిర్ బ్రేకు బస్సు బ్రేకు వదిలినప్పుడు ఒక్కసారి చుస్సుమని ఊరుకోవాలి. ఊరికే ఉన్నప్పుడు కూడా బుస కొడుతుంటే ఎక్కడో గాలి లీకు అవుతున్నట్టు. ఆ గాలి హారన్ కోసం కాదు, బ్రేకు పట్టడానికి.

మర్నాడు పొద్దున ఏడింటికి మా వీధి చివర బస్సు ఆగే చోట నిలబడ్డాను. చేతిలో చిన్న మగ్గులో సబ్బు నురగ. మా కోడలు పరువు పోతుందని గొడవ, పిల్లల ముందు బస్సు కింద దూరతారా మామయ్యా అని. దూరలేదమ్మా, వంగి చూశాను అంతే. ముందు ఎడమ చక్రం దగ్గర బ్రేకు హోసు ఉంటుంది, రబ్బరు పైపు, చక్రం తిరిగినప్పుడల్లా అదీ కదులుతుంది. దాన్ని పట్టి ఉంచాల్సిన క్లిప్పు సరైన చోట లేదు, పైపు వెళ్లి చాసిస్, అంటే బస్సు కింది ఇనప చట్రం, దాని బ్రాకెట్ అంచుకి రాసుకుంటోంది. అది ఎప్పుడో ఎవరో చూశారు కూడా, చూసి పాత ట్యూబు ముక్క కోసి చుట్టి బైండింగ్ వైరుతో బిగించారు. డ్రైవరు చేత బ్రేకు తొక్కించి నేను నురగ పూస్తే ఆ ట్యూబు ముక్క అంచుల్లోంచి బుడగలు, పెసరట్టు పిండి పెనం మీద ఉడికినట్టు.

డ్రైవరు మంచివాడు, చిన్న కుర్రాడు. "చెప్పాను సార్, మూడు సార్లు చెప్పాను" అన్నాడు. ఏమన్నారయ్యా అంటే, "నడుస్తోంది కదా అన్నారు." మరి గాలి తగ్గితే డాష్‌బోర్డులో బజర్ మోగాలి కదా, మోగలేదా అని అడిగాను. అతను కాసేపు నా వంక చూసి, "మోగేది సార్, పిల్లలు చెవులు మూసుకుంటున్నారని వైరు తీసేయించారు" అన్నాడు.

ఏ స్కూలు అన్నది అడగకండి, చెప్పను. వాళ్లని తిట్టడానికి రాలేదు నేను. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి వచ్చాను, అసలు కథ అక్కడుంది.

ఆ కరస్పాండెంట్ గారు నాకు తెలిసినాయనే కాబట్టి, బస్సుని కంపెనీ వర్క్‌షాపుకి పంపించారు. నేనూ వెళ్లాను, రిటైరయ్యాక పని ఏముంది. అక్కడ సర్వీసు అడ్వైజర్ కుర్రాడు చాసిస్ నంబరు కంప్యూటర్లో కొట్టి, "సార్, దీని మీద పెండింగ్ ఉంది" అన్నాడు. ఏం పెండింగ్? ఆ హోసే! ఆ బ్యాచిలో హోసు క్లిప్పు పొజిషన్ తప్పు పడిందని కంపెనీ వాళ్లే కనిపెట్టారు. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా బస్సులన్నిటికీ కొత్త హోసు, కొత్త బ్రాకెట్ ఉచితంగా వేస్తాం రండి అని యజమానులకి ఉత్తరాలు కూడా రాశారు. ఎప్పుడు? రెండేళ్ల క్రితం. ఎవరికి? ఈ బస్సుని మొదట కొన్న వేరే ఊరి స్కూలుకి. వాళ్లు బస్సు అమ్మేశారు, ఉత్తరం ఏ సొరుగులో పడిందో ఎవరికీ తెలియదు. మార్చడానికి ఎంత సేపు పట్టింది అనుకుంటున్నారు? నేను వాచీ చూశాను, నలభై నిమిషాలు. మధ్యలో టీ కూడా తాగారు వాళ్లు. డబ్బులు, సున్నా.

రెండేళ్లు ఆ బస్సులో పిల్లలు ఎక్కారు దిగారు. తప్పు ఎక్కడుందో కంపెనీకి తెలుసు. డ్రైవరుకి తెలుసు. ట్యూబు ముక్క చుట్టిన మెకానిక్‌కి తెలుసు. మూడో క్లాసు పిల్లకి కూడా తెలుసు. కొత్త హోసు వేసే పానా దాకా మాత్రం ఆ మాట రాలేదు.

దీన్నే రీకాల్ అంటారు. ఈ మాట వినగానే కొందరికి టెన్షన్. బస్సు తీసుకెళ్లిపోతారేమో, మళ్లీ ఇవ్వరేమో అని. ఒకాయనైతే నాతో, రీకాల్ అంటే మా బస్సులు చెత్తవని పేపర్లో వస్తుంది కదండీ అన్నాడు. అదేం కాదు. తయారీలోనో డిజైన్‌లోనో తప్పు దొర్లింది, మా ఖర్చుతో సరిచేస్తాం, బండి తీసుకురండి అని కంపెనీ పిలవడం, అంతే. మీ తప్పు కాదు అని వాళ్లే ఒప్పుకుంటున్న కాగితం అది. దాన్ని దాచుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

మన దేశంలో ఇది చాలా కాలం కంపెనీల మంచితనం మీదే నడిచింది. 2012లో కంపెనీల సంఘం వాళ్లు తమకి తాముగా ఒక పద్ధతి రాసుకున్నారు. చట్టంలోకి వచ్చింది 2019లో, మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 110ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. ప్రాణానికి ముప్పు తెచ్చే లోపం ఉంటే ప్రభుత్వమే కంపెనీని బళ్లు వెనక్కి పిలవమని ఆదేశించవచ్చు అని. దానికి రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రభుత్వం బలవంతంగా పిలిపించాల్సి వస్తే, బళ్ల సంఖ్యని బట్టి కంపెనీకి పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. యజమానులు ఫిర్యాదు చేసుకోవడానికి కేంద్రం వాహన్ వెబ్‌సైటులో ఒక పోర్టల్ కూడా పెట్టింది. ఎంతమంది ఫిర్యాదు చేశారన్నది లెక్కలోకి వస్తుంది, కాబట్టి ట్యూబు ముక్క చుట్టి ఊరుకున్న ప్రతి స్కూలూ ఇంకో పది స్కూళ్ల పిల్లలకి అన్యాయం చేసినట్టే, ఎందుకంటే అదే బ్యాచి బస్సులు వాళ్ల దగ్గరా ఉంటాయి.

ఇప్పుడు ఇందులో ఒక చిల్లు ఉంది, చూడండి. ఆ రూలు ఏడేళ్ల లోపు బండికి. మన రెండు రాష్ట్రాల్లోనూ స్కూలు బస్సు పదిహేనేళ్ల దాకా తిరగొచ్చు. ఏడు తీసేస్తే మిగిలింది ఎనిమిది. మన ఊరి బస్సుల్లో ఎన్ని ఆ ఎనిమిదేళ్లలో ఉన్నాయో చేతులెత్తండి డ్రైవర్లూ. (చేతులు) ఆఁ, అదీ. సగానికి పైనే ఉన్నట్టున్నాయి. కొత్త బస్సు పట్నంలో పెద్ద స్కూలు కొంటుంది, అది పాతబడ్డాక మన దగ్గరికి వస్తుంది. చట్టం కొత్త బండి వెనకాల వెళ్తుంది, మన పిల్లలు పాత బండి ఎక్కుతారు.

ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో రీకాల్ చట్టం 1966 నుంచీ ఉంది, మనకంటే యాభై ఏళ్లు ముందు. అక్కడ స్కూలు బస్సంటే ట్యాంకు లాంటిది అంటారు, నిజమే. 2020లో అక్కడి ఒక పెద్ద కంపెనీ వేల కొద్దీ స్కూలు బస్సుల్ని వెనక్కి పిలిచింది. ఎందుకో తెలుసా, బ్రేకు కాదు, స్టీరింగూ కాదు. ముందు సీటు వెనక భాగంలో పిల్లల మోకాళ్లు, తల తగిలే చోట మెత్తటి స్పాంజి ఉండాల్సినంత లేదట. మన బస్సుల్లో అక్కడ ఇనప పైపు ఉంటుంది కదా.

అలాంటి దేశంలోనే, 1988 మే 14, కెంటకీ రాష్ట్రం, కారల్‌టన్ దగ్గర. చర్చి వాళ్లు పిల్లల్ని ఒక పార్కుకి తీసుకెళ్లి రాత్రి తిరిగొస్తున్నారు. ఒకప్పటి స్కూలు బస్సు అది, స్కూలు వాళ్లు వాడి వాడి అమ్మేస్తే చర్చి కొంది. బస్సులో అరవై ఏడు మంది. తాగిన మనిషి ఒకడు పికప్ ట్రక్కు హైవే మీద ఎదురు దిశలో నడుపుకుంటూ వచ్చి బస్సు ముందు భాగాన్ని కొట్టాడు. ఆ దెబ్బకి బస్సులో ఎవరూ పోలేదు. పెట్రోలు ట్యాంకు ముందు డోరు పక్కనే ఉంది, అది చిరిగి మంట లేచింది, ముందు డోరు మూసుకుపోయింది, మిగిలింది వెనక ఎమర్జెన్సీ డోరు ఒక్కటే. సన్నటి దారిలో అరవై మంది ఒకేసారి దాని మీద పడ్డారు. ఇరవై ఏడు మంది పోయారు, ఎక్కువ మంది పిల్లలే. అందరూ మంట వల్ల, పొగ వల్లే.

తర్వాత తేలింది ఏంటంటే, స్కూలు బస్సు ఇంధన ట్యాంకుకి దెబ్బ తగిలినా చిరగకుండా రక్షణ ఉండాలని అక్కడ కొత్త రూలు 1977 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ఈ బస్సు చాసిస్ తయారైంది అదే ఏడాది మార్చి 23న. తొమ్మిది రోజులు తేడా. కాబట్టి ఆ బస్సుకి ట్యాంకు చుట్టూ గార్డు లేదు, పెట్టాలని ఎవరూ అడగలేదు కూడా, రూలు ప్రకారం దాంట్లో తప్పేమీ లేదు కదా! పదకొండేళ్లు అలాగే తిరిగింది.

నాకు ఆ తొమ్మిది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. మనకీ 2022 జనవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, స్కూలు బస్సుల్లో పిల్లలు కూర్చునే చోట మంటని పసిగట్టే అలారం, ఆర్పే ఏర్పాటు ఉండాలని. మంచిదే, పాలెం దగ్గర 2013లో నలభై ఐదు మంది బస్సులో కాలిపోయిన జిల్లా మన పక్కనే. కానీ ఆ ఏర్పాటు వచ్చేది కొత్తగా తయారయ్యే బస్సులో. పాత బస్సుకి రూలు లేకపోతే ఏం చెయ్యాలి? ఉన్న ఒక్క ఎమర్జెన్సీ డోరు అయినా తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి.

ఏంటమ్మా? మైకు ఇవ్వండి ఆవిడకి.

(ఒక తల్లి: "మాకు ఇంజను సంగతులు ఏం తెలుస్తాయండీ? ఫిట్‌నెస్ చేయించాం అని స్కూలు వాళ్లు స్టిక్కర్ చూపిస్తారు, మేం నమ్ముతాం.")

మంచి ప్రశ్న. ఎఫ్‌సీ, అదే ఆ ఫిట్‌నెస్ సర్టిఫికెట్, దాని గురించి చెప్తాను. స్కూలు బస్సుల ఎఫ్‌సీ మే 15తో అయిపోతుంది, బడులు తెరిచేలోపు మళ్లీ చేయించాలి. ఎండలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు బస్సులన్నీ బారులు తీరతాయి. ఆయన పని ఆయన చేస్తారు, నేను తప్పు పట్టను, ఒక్క మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్ని చూడాలి. కానీ ఎఫ్‌సీ అంటే ఆ రోజు ఆ పూట బస్సు ఫొటో, అంతే. ఆ పూటకి టైర్లు అద్దెకి తెచ్చి తొడిగి, సాయంత్రం విప్పేసి పాతవి వేసుకునేవాళ్లని నేను చూశాను. ఇక్కడ ఎవరూ అలా చెయ్యరు లెండి. (నవ్వులు) పైగా రీకాల్ పెండింగ్ ఉందా లేదా అన్నది ఆ చూపులో తెలిసేది కాదు. హోసు ఆ రోజు లీకు కాకపోతే పాసే.

మీకు ఇంజను తెలియక్కర్లేదమ్మా. మీరు రెండు కాగితాలు అడగండి చాలు. ఒకటి ఆర్‌సీ జిరాక్సు, అందులో చాసిస్ నంబరు ఉంటుంది, పదిహేడు అక్షరాలు అంకెలు కలిపి. రాసుకునేటప్పుడు ఓ అన్న ఇంగ్లీషు అక్షరం లాగా కనిపిస్తే అది సున్నాయే, ఆ నంబర్లో ఓ, ఐ, క్యూ ఉండవు, ఈ చిన్న తప్పు వల్లే సగం మందికి "నంబర్ దొరకలేదు" అని వస్తుంది. ఆ నంబరు పెట్టి కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోను చేసినా, వాళ్ల వర్క్‌షాపులో అడిగినా పెండింగ్ ఉందో లేదో చెప్పేస్తారు. సెకండ్ హ్యాండు బస్సు కొన్న స్కూళ్లయితే కొన్న రోజునే ఈ పని చేసి, కొత్త అడ్రసు, ఫోను నంబరు కంపెనీ రికార్డులో ఎక్కించుకోవాలి. రెండో కాగితం వర్క్‌షాపు వాళ్లిచ్చే జాబ్ కార్డు. "చేయించాం" అన్న నోటి మాట కాదు, ఏ రోజు ఏ పార్టు మార్చారో రాసి ఉన్న కాగితం. అది లేకపోతే ట్యూబు ముక్కే అనుకోండి.

ఇంకోటి. బస్సులో చాసిస్ ఒకరిది, బాడీ ఒకరిది అయ్యే అవకాశం ఉంది. చాసిస్ కంపెనీ నుంచి వస్తుంది, బాడీ బిల్డరు షెడ్డులో పైన కట్టి ఇస్తాడు. అలాంటప్పుడు కంపెనీ ఉత్తరంలో హోసు ఉంటుంది, సీట్లు, కిటికీలు, ఎమర్జెన్సీ డోరు ఉండవు, అవి ఎవరివంటే బాడీ కట్టినాయనవి. ఆయన షెడ్డు ఎప్పుడో ఎత్తేసి ఉంటాడు. మరి ఆ డోరు గొళ్లెం తుప్పు పడితే ఎవరు పిలుస్తారు? ఎవరూ పిలవరు. స్కూలే చేయించుకోవాలి.

మీ పిల్లల్ని అడగండి. మార్కుల సంగతి అడుగుతారు కదా రోజూ, ఒక రోజు బస్సు సంగతి అడగండి. ఏ సీటు ఊగుతుంది, ఎక్కడ పొగ వాసన వస్తుంది, ఏ కిటికీ పడదు, డ్రైవరు అంకుల్ ఏం తిట్టుకుంటూ గేరు వేస్తాడు. వాళ్లకి అన్నీ తెలుసు. ఎమర్జెన్సీ డోరు దగ్గర ఎవరు కూర్చుంటారు అని అడిగితే మా మనవరాలు, "అక్కడ సీటు ఉంది కదా తాతయ్యా, దాని మీద టిఫిను బాక్సుల బుట్ట" అంది. ఆయమ్మల్లారా, నవ్వకండి, ఆ బుట్ట అక్కడ పెట్టేది మీరే.

ఇప్పుడు యాజమాన్యాలకి ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. డిపోలో మా పద్ధతి ఏమిటంటే, డ్రైవరు డ్యూటీ దిగేటప్పుడు బండిలో ఏం తేడా ఉందో లాగ్‌షీటులో రాసి ఇస్తాడు. స్టీరింగ్ ఎడమకి లాగుతోంది, బ్రేకు లేటు, ఇలా. రాత్రి షిఫ్టు మెకానిక్ దాని పక్కన ఏం చేశాడో రాసి సంతకం పెడతాడు. పొద్దున తీసుకెళ్లే డ్రైవరు అది చూసి బండెక్కుతాడు. అక్కడ అంతా బంగారమని చెప్పను, రాసిందే మళ్లీ మళ్లీ రాసి విసిగిపోయిన డ్రైవర్లు కూడా ఉన్నారు. కానీ రాత ఉంది. రాత ఉంటే, చెప్పాను అన్నవాడిదీ, వినలేదు అన్నవాడిదీ ఇద్దరిదీ లెక్క తేలుతుంది. మన స్కూళ్లలో ఆ కుర్రాడు మూడు సార్లు నోటితో చెప్పాడు, ఏం మిగిలింది? ఏదైనా జరిగితే పేపర్లో "డ్రైవర్ నిర్లక్ష్యం" అని వస్తుంది. చట్టంలో 190వ సెక్షను చదవండి, లోపం ఉందని తెలిసి నడిపినవాడే కాదు, నడపనిచ్చినవాడు కూడా తప్పు చేసినట్టే.

యాభై రూపాయల నోటుబుక్కు కొనండి. ఒక్కో బస్సుకి ఒకటి. డ్రైవరు రాసినందుకు జీతం కొయ్యకండి, గొణుగుతున్నాడని మార్చెయ్యకండి. రాయని డ్రైవరుని అనుమానించండి, ఆరు నెలలు బుక్కులో ఒక్క ముక్క లేకపోతే ఆ బస్సులో ఏ తేడా లేదని కాదు, అక్కడ ఎవరికో భయంగా ఉందని.

(ఒక డ్రైవరు: "బజర్ వైరు సంగతి ఏమైంది సార్?")

కలిపించాను తమ్ముడూ, నా చేతులతోనే. మోగింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. మూసుకోనీ. గాలి నిండాక అదే ఊరుకుంది, గాలి నిండేదాకా బస్సు కదలకూడదు, దాని అర్థం అదే. ఇప్పుడు పిల్లలే చెప్తున్నారట డ్రైవరుకి, "అంకుల్, ఇంకా ఆగలేదు, అప్పుడే పోనివ్వకు" అని.

టైము అయిపోయిందని మాస్టారు వాచీ చూపిస్తున్నారు. సరే, మాటలు చాలు. బయట గేటు దగ్గర మూడు బస్సులు ఆగి ఉన్నాయి, ఏ స్కూలువి అన్నది నేను అడగను. తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? నీ దగ్గరా? రా. అందరూ రానక్కర్లేదు, ఓ పదిమంది రండి చాలు, ఎమర్జెన్సీ డోర్లు ఒక్కొక్కటీ లోపలి నుంచి తీసి చూద్దాం. పెద్దవాళ్లు వద్దు, ఆ పిల్లని పిలవండి, ఆ నీలం గౌను వేసుకున్న పాపని, దాని చేతికి తెరుచుకుంటుందో లేదో చూద్దాం. మెల్లిగా, అక్కడ మెట్టు లేదు, కింద వాన నీళ్లు నిలిచాయి.